వీపు వెనక

నెల్లిమర్లలో, చంపావతి ఇసక మీద,
తెల్లారగట్ల ఐదింటికి
ఏడుగురు గుంటలూ, నేనూ.
వాళ్లలో పెద్దదానికి పదమూడేళ్లు.
నాకు అరవై ఒకటి.

మొన్న కార్తీకంలో నా బుర్రలో
ఎక్కడో ఒక పోగు తెగింది.
ఎడమచెయ్యి గ్లాసు పట్టుకుని
ఎందుకు పట్టుకుందో మరిచిపోయేది.
విజయనగరం డాక్టరమ్మ పటం చూపించింది:
"ఈ దారి మూసుకుపోయింది తాతగారూ,
పక్కనుంచి వేరే దారి పడాలి.
నడవగా నడవగా పడుతుంది."

ముప్పై నాలుగేళ్లు జూట్ మిల్లులో
మగ్గం ముందు నిలబడ్డవాణ్ణి,
తెగిన పోగు సంగతి నాకు చెప్పాలా?
కానీ తెగిన చోటు కనబడాలి కదా,
బొటనవేలు అక్కడిదాకా వెళ్లాలి కదా.

అందుకే అసిరయ్య దగ్గరికొచ్చాను.
కర్రసాము నేర్పుతాడు, డబ్బు ముట్టడు,
బెల్లం టీ పోస్తే కాదనడు.
మొదటి రోజు కర్ర ఇవ్వలేదు.
"కాలికి ముందు తెలివి రావాల బావా,
అడుగులు లెక్కెట్టు."
నాలుగు ముందుకి, ఒకటి పక్కకి, తిరుగు.
నాలుగు ముందుకి, ఒకటి...
ఎటు?
గుంటలు నవ్వారు.

నెలకి వెదురు చేతికొచ్చింది.
కుడిచేతి నుంచి వీపు వెనకగా ఎడమచేతికి.
కళ్లు వెళ్లలేని చోట
చెయ్యి చేతిని వెతుక్కోవాలి.
జారింది. జారింది. పాదం మీద పడింది.
రాములమ్మ కొబ్బరినూనె రాస్తూ
"పోయిన చెయ్యి వస్తాదో నేదో గానీ
ఉన్న కాలు పోయీలాగుంది" అంది.

అయినా, రాత్రి మూడింటికి లేచి
గోడ గడియారం వినడం ఎప్పుడు మానేశానో తెలీదు.
చొక్కా బొత్తాలు నేనే పెట్టుకుంటున్నాను.
బుగతవీధి మెట్లెక్కితే ఆయాసం లేదు.

ఒక్క మాట మాత్రం దొరకలేదు.
నాడెలో పెడతామే, నార చుట్టింది,
రోజుకి వందసార్లు మార్చిందే,
దాని పేరు.
ఎవర్నడిగినా చెప్తారు.
అడగలేదు.

ఈవేళ పెద్దపిల్ల గున్నమ్మ నాకు ఎదురు.
తట్టు, కాపు. తట్టు, కాపు.
దాని కర్ర నెత్తిమీదికి దిగుతుంటే
నా ఎడమచెయ్యి నన్నడక్కుండా లేచింది,
దాంతోపాటే లోపల్నుంచి ఇంకేదో లేచి
"కండె!"
అని అరిచాను.
అరిచి అలాగే నిలబడిపోయాను.
రెండో దెబ్బ వేలికణుపుల మీద పడింది.

"ఏటి తాతా, ఏటన్నావు?"
వేళ్లు ఊదుకుంటూ మళ్లీ అన్నాను, కండె.
ఇంకోసారి అన్నాను, ఊరికే.

అసిరయ్యదీ ఆ షెడ్డే, ఆ షిఫ్టే.
టీగ్లాసు ఇసకలో గుచ్చి
కాసేపు నా మొహంకేసి చూశాడు.
"కండె దొరికింది, సరే.
కాపేదిరా బావా?"