పద్నాలుగో పేజీ

ముందు ప్రకటనలు పరుస్తాం.
ఇది బయటివాళ్ళకి తెలీదు.
బుధవారం సాయంత్రం ఖాళీ పేజీల మీద
సూపర్‌మార్కెట్ వాడి పుచ్చకాయలు, పళ్ళ డాక్టరు,
మునిసిపాలిటీ వేలం నోటీసు,
చివరి పేజీ నిండా ఫెర్రీ కంపెనీ వేళల పట్టిక.
అవన్నీ కూర్చున్నాక మిగిలిన కంతల్లో
వార్త వచ్చి సర్దుకుంటుంది,
నిండు బస్సులో ఆలస్యంగా ఎక్కిన మనిషిలా
భుజం వంచి, సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని.

ఏడ్రియాటిక్‌లో మాదో చిన్న ద్వీపం, మూడు వేల గడపలు.
పత్రిక వెల ఒక కాఫీలో సగం.
ఆ డబ్బు కాగితానికే చాలదు,
సిరా సంగతి అడక్కండి.
నేను కౌంటర్లో కూర్చుంటాను,
స్కేలూ రసీదు పుస్తకమూ పెట్టుకుని.
మాటకి ఇంత, నల్ల గీత గడికి ఇంత,
ఫోటో ఉంటే ఇంకాస్త.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి దుఃఖాన్ని
సెంటీమీటర్లలో కొలుస్తున్నాను.

అందరూ ముందు తిప్పేది పద్నాలుగో పేజీ.
నల్ల అంచు గళ్ళు, లోపల ముఖాలు.
మొదటి పేజీలో మంత్రి రిబ్బను కత్తిరిస్తే కత్తిరించాడు,
ఎవరు పోయారో తెలియకుండా
ఇక్కడ ఎవరూ రొట్టె కొనడానికి బయల్దేరరు.
మా సంపాదకుడు తోంకో అంటాడు:
"మనల్ని బతికిస్తున్నది పోయినవాళ్ళే, నెవెంకా.
వాళ్ళకి అప్పు పెట్టే అలవాటు లేదు."

ఫిబ్రవరిలో, బోరా గాలి లేని రోజున,
సముద్రం పళ్లెంలో నీళ్ళలా ఉన్న రోజున
ఫెర్రీ రాలేదు. ఇంజను.
ఆ ముందు వారమూ ఇంజనే.
తోంకో రాశాడు. నాలుగు కాలమ్‌లు.
రాత్రి పదింటికి ఫోను మోగింది.
నాకు వినబడింది ఇటువైపు సగమే:
"ఔను... ఔను... ఏడాది ఒప్పందమా... ఔను."
తర్వాత చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
అవి శుభ్రంగానే ఉన్నాయి.
నాలుగు కాలమ్‌ల చోట
ఆలివ్ కాయలకి పట్టే ఈగ గురించి వేశాం.
అది అబద్ధం కాదు. ఈగ ఉంది.

సోమవారం ష్యోర్ యెర్కో వచ్చాడు,
టోపీ తీసి చంకలో పెట్టుకుని.
భార్య ఫోటో, బ్యాంకు కవరులో డబ్బు.
వంకర అక్షరాల కాగితం నా ముందుకి జరిపాడు.
పేరు. పుట్టిన ఏడు. పోయిన రోజు.
ఆ కింద:
"రేవులో, ఆరు గంటలు, రాని ఫెర్రీ కోసం చూసి."

కలం మొనతో లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ.
"ఈ ఏడు మాటలూ తీసేస్తే సగం ధరకే వస్తుంది," అన్నాను.
ఎందుకన్నానో, ఎవరి తరఫున అన్నానో
ఇప్పటికీ తేలలేదు.
"లెక్క తప్పావేమో అమ్మాయ్, మళ్ళీ చూడు," అన్నాడు.
"తక్కువ పడితే ఇస్తాను."

తోంకో కాగితం చదివాడు. రెండుసార్లు.
సొమ్ము కట్టిన ప్రకటనలో
కామా అయినా మార్చకూడదని మా నియమం.
అతని తాత పెట్టింది, గోడ మీద ఫ్రేములో ఉంది.
అంత శ్రద్ధగా తోంకో ఆ ఫ్రేము వంక చూడడం
అదే మొదటిసారి.

శుక్రవారం మధ్యాహ్నానికి కాపీలు లేవు.
రొట్టెల కొట్టులో, మంగలి కుర్చీలో,
రేవు మెట్ల మీద ఒకే పేజీ.
పై శుక్రవారం చివరి పేజీ తెల్లగా వచ్చింది,
ఉతికి ఆరేసిన దుప్పటిలా.
మూలన ఒకరు మేక అమ్ముతామన్నారు,
ఒకరు ఎవరివో తాళాలు దొరికాయన్నారు.
నా జీతంలో మూడో వంతు వచ్చే నెలకి వాయిదా.

ఇది గెలుపని ఎవరైనా అంటే
అద్దె కట్టే రోజున వచ్చి చెప్పమనండి.

ష్యోర్ యెర్కో దగ్గర నేను
ఆ ఏడు మాటలకీ పూర్తి ధర తీసుకున్నాను.
రసీదులో దేనికని టిక్కు పెట్టాలి:
పెళ్ళి, మరణం, అమ్మకం, అద్దె, ఇతరములు.
వార్తకి గడి లేదు.
మరణం దగ్గర పెట్టాను.
కాసేపాగి, కాగితం ఆయన చేతికిచ్చే ముందు,
ఇతరముల దగ్గర కూడా.