మునిగిన పంట

జాంబియానీ తీరంలో నీరు
పాటుకి మైలు దూరం వెనక్కి పోతుంది.
అప్పుడు ఆడవాళ్ళు పొలానికి బయల్దేరతారు.
కొయ్యలు, నైలాను తాళ్ళు,
కాంగా చెంగులో మూటకట్టిన నిన్నటి చపాతీ.

జువేనా పొలానికి గట్లు లేవు.
రెండు కొయ్యల మధ్య తాడు,
తాడుకు జానెడు జానెడు దూరాన ముడి,
ముడికో సముద్రపు నాచు మొలక.
ముప్పై ఏళ్ళుగా ఆ ముడి వేస్తున్న వేళ్ళు
నిద్రలోనూ దుప్పటి అంచుని కడుతూ ఉంటాయి.

మూడేళ్ళ కిందట నీళ్ళు కాగాయి.
మాటవరసకి కాదు,
జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు
చేతికి తగిలినట్టు, మోకాళ్ళకి తగిలాయి.
ఎర్రగా ఉండాల్సిన నాచు
కొసల నుంచి తెల్లబడి
పట్టుకుంటే ఉడికిన సేమ్యాలా జారిపోయింది.
కొనేవాడు సంచి మూతి విప్పి, మళ్ళీ కట్టి,
ఏమీ అనకుండా సైకిలెక్కాడు.

చల్లటి నీళ్ళు ఇంకా ఉన్నాయి,
దిబ్బ దాటాక, మూడు నిలువుల లోతున.
పొలం అక్కడికి దిగాలి.
పొలం వెంట మనిషీ దిగాలి.
పొద్దస్తమానం సముద్రం వినపడే ఈ ఊళ్ళో
ఈత మగవాళ్ళది.
ఆడవాళ్ళ సముద్రం మోకాలి దాకానే.

యాభై రెండేళ్ళ జువేనా
మనవరాలు నస్రా చేతుల మీద వెల్లకిలా పడుకుంది.
ఒంటినిండా బట్టలు, తలగుడ్డ,
నోట్లో ఉప్పు, సగంలో ఆగిన ప్రార్థన.
"అవ్వా, మెడ వదిలెయ్."
"వదిలితే ఎక్కడికి పోతుందో!"
"ఎక్కడికీ పోదు. నీళ్ళు పట్టుకుంటాయి."
ముప్పై ఏళ్ళు నీళ్ళని నమ్ముకున్న మనిషికి
నీళ్ళని నమ్మడానికి
పదకొండు రోజులు పట్టింది.

నా భాషలో పంట మునిగిందంటే
వినేవాళ్ళు ముందు నెత్తి పట్టుకుంటారు,
తర్వాత అప్పెంత అని అడుగుతారు.
ఇక్కడ పడవ అంచున కూర్చుని
గొట్టంలాంటి వలలో నాచు కూరి, రాయి కట్టి,
వాళ్ళే ముంచుతున్నారు.
మునిగితేనే బతుకుతుందట.
ఆ వాక్యం నా నోటికి ఇంకా అలవాటు కాలేదు.

నలభై వలలు దించారు.
ఆరో వారం ఇరవై ఆరు చేతికొచ్చాయి,
అందులో ఎనిమిది చేపలు మేసినవి.
మిగతావాటి సంగతి ప్రవాహానికే తెలియాలి.
లెక్క ఇంకా అప్పు వైపే మొగ్గి ఉంది.

చిక్కుపడ్డ ఒక్క వలని
విప్పడానికి జువేనా తనే దిగింది.
మేం అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాం, పైకెత్తి మరీ.
పందొమ్మిది దగ్గర తేలింది.
ముక్కు చీది, పడవ అంచు పట్టుకుని,
పెళ్ళి కబురు చెప్పినట్టు
అందరికీ వినపడేలా అంది:

"కింద చలేస్తోంది."