రుజువుల నెల

వెదురు ఉడికే వాసన రాయగడ మీద దుప్పటిలా పడుకునే ఏప్రిల్‌లో
మాకొక కాగితం వచ్చేది.
మా మిల్లు కాగితమే కావచ్చు,
నాలుగు గళ్ళు గీయించుకుని
పే సెక్షన్ బెహరాబాబు చేతిమీదుగా మా దగ్గరికే తిరిగొచ్చేది.

"ఏడాదిలో ఎంత దాస్తావు, అద్దెంత కడతావు, రాయి.
దాన్నిబట్టి నెలనెలా పన్ను తగ్గించి కోస్తాను."
సగం ఒడియా, సగం తెలుగు.
"రుజువులు జనవరిలో ఇద్దువు."

జనవరి!
అప్పటికి రథం గుండిచా గుడికెళ్ళి తిరిగి రావాలి,
నాగావళి ఎర్రబడి మళ్ళీ తేరుకోవాలి.

బీమా గడిలో లక్షన్నర పెట్టాను.
ఉన్న పాలసీ ఒకటే, ఏడాదికి పదకొండు వేలు.
అద్దె గడిలో నెలకి తొమ్మిది వేలు.
ఎనిమిది దగ్గర ఆగుంటే ఇంటాయన పాన్ నంబరు అడగరట,
ఆ సంగతి తరవాత తెలిసింది.
ఇంటాయనంటే మావగారు.
ఆయన వెనకింట్లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాం,
అద్దె మాట ఎవరి నోటా రాలేదు.

మే జీతంలో మూడువేల ఆరొందలు ఎక్కువొచ్చాయి.
నా షిఫ్టు పాఢి మాత్రం ఏ గడీ నింపలేదు.
ఎక్కువ కోయించుకుని, పైవాన ఎప్పుడో తిరిగొస్తే
ఆకాశం ఇచ్చినట్టు మురిసిపోతాడు.
వడ్డీ లేకుండా అప్పిచ్చిన వెర్రివాడని నవ్వాను.
నేను వడ్డీ లేకుండా అప్పు తీసుకుంటున్నానని తెలీదు.

దమయంతికి స్కూటీ వచ్చింది.
కిస్తీ మూడువేల నాలుగొందలు,
మిగిలిన రెండొందలకి ఆదివారం చేపలు.
రాని బీమా, కట్టని అద్దె
చింతపండు పులుసులో బాగా ఉడికాయి.

జనవరి రాత్రి వంటింటి దీపం కింద
పన్నెండు రసీదులు రాశాను.
నెలకో రకంగా కనబడాలని పెన్నులు మార్చాను,
ఆగస్టుది కాస్త తడిపాను కూడా.
రెవిన్యూ స్టాంపులు అంటించి మావగారి ముందు పెట్టాను.

ఆయన ముప్పయ్యేళ్ళు మిల్లు గేటు దగ్గర కాటా చూసిన మనిషి.
కళ్ళజోడు తెచ్చుకుని మొదటిది చదివారు.
రెండోది చదివారు. మూడోది చదవలేదు.
"ముట్టినది అని రాసినావు.
నాకేటి ముట్టినాది, బాబూ?"

నేను గచ్చు వైపు చూశాను.

"ఎదురు లారీలు తడిపీసి తెచ్చీవోరు, బరువు తూగాలని.
తడిబరువు నాను కాటా కాడే కొట్టీసీవోణ్ణి.
గొడవాడీవోరు.
కొట్టకపోతే ఏటౌద్ది? యార్డులో ఎండుతాది,
ఎండినాక ఆ లోటు ఎవుడి నెత్తిన?
నీ జీతం తడిసిన ఎదురు, అల్లుడూ."

పెన్ను మూత పెట్టి ఇచ్చేశారు.

ఫిబ్రవరి స్లిప్పులో కోత ఇరవైనాలుగు వేలు.
మార్చిలోనూ అంతే.
పది నెలలుగా బతికిన మూడువేల ఆరొందలన్నీ
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వెళ్ళిపోయాయి.
కిస్తీ తిరిగొచ్చింది, వస్తూ అపరాధం వెంటబెట్టుకొచ్చింది.
బెహరాబాబు పాపం చాయ్ ఇప్పించాడు.
దమయంతి స్కూటీకి ముసుగు కప్పి
మెయిన్ రోడ్డు దాకా నడిచింది.
ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ ఆదివారం మావగారు కండువా మూటలోంచి
ఆరువేల ఎనిమిదొందలు లెక్కపెట్టారు,
సరిగ్గా రెండు కిస్తీలు.
"ఆ రసీదుల్లో ఒకటి తే. స్టాంపు ఎలాగూ అంటించీసినావు."

తన పేరు కొట్టేశారు, నా పేరు రాశారు.
తొమ్మిది వేలు కొట్టేసి పైన నిజమైన అంకె వేశారు.
'ముట్టినది' అన్న మాటను మాత్రం
అలాగే ఉంచి, వేలు పెట్టి చూపించారు.

"ఇప్పుడు సంతకం ఎట్టు."

మేం ఉడికించిన వెదురే అయ్యుండాలి ఆ కాగితం,
పెన్ను కింద కొంచెం గరుగ్గా తగిలింది.