సగం దూరం

కీల్ నుంచి అక్క, ఆవుగ్స్‌బుర్గ్ నుంచి నేను.
పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే
సరిగ్గా నడుమ కాసెల్.
ఎవరూ ఎవరి గడపా తొక్కక్కర్లేదు.
పదకొండేళ్ల తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకోడానికి
రాత్రికి యాభై తొమ్మిది యూరోలు
చాలనుకున్నాం.

ఫోనులో ఆ హోటలు
అరచేతిలో వైకుంఠం చూపించింది.
కిటికీ నిండా కొండ,
రెండు మంచాలు, వాటి మధ్య బుల్లి దీపం.
రెండు మంచాలు అన్న మాట
మూడుసార్లు చదివాకే డబ్బు కట్టాను.

వచ్చి చూస్తే కొండ లేదు.
ఫర్నిచర్ దుకాణం వెనక గోడ ఉంది,
దాని మీద మనిషెత్తు అక్షరాల్లో
సోఫాల తగ్గింపు ధర.
స్వాగతం చెప్పడానికి మనిషి లేడు, ఒక తెర ఉంది.
మా ఇద్దరి పేర్లూ అడిగి
ఒక్క తాళంకార్డు ఉమ్మింది.

గదిలో ఒకే మంచం.
మంచం మీద ఒకే రజాయి.
మా దేశంలో నిన్న పెళ్లయినవాళ్లు కూడా
ఎవరి రజాయి వాళ్లు కప్పుకుంటారు!
హీటరు ముట్టుకుంటే చేప ఒళ్లులా చల్లగా తగిలింది.
స్నానాలగది తలుపు, గాజుది,
మూసినా బెత్తెడు సందు వదిలేస్తుంది.
తలవైపు గోడ మీద ఊదారంగు రాత:
'మీ ఇంట్లో ఉన్నట్టే ఉండండి.'
ఉన్నాం.
అచ్చం మా ఇంట్లో ఉన్నట్టే,
చెరో అంచునా, వీపులు చూపించుకుని.

నాన్న పడవని నన్నడక్కుండా అమ్మేశావు.
ఆ ఒక్క వాక్యాన్ని
మూడొందల డెబ్బై కిలోమీటర్లు సానపట్టుకుంటూ వచ్చాను.
చీకట్లో దాని పదును వేలితో చూసుకుంటున్నాను.
అప్పుడు కూసింది
కప్పులో పొగ కనిపెట్టే డబ్బా,
బ్యాటరీ అయిపోయి.
కీచ్.
కాసేపాగి మళ్లీ, కీచ్.

"నలభై సెకన్లకోసారి," అంది అక్క గోడతో.
"నలభై రెండు," అన్నాను నేను కిటికీతో.
ఇద్దరం మళ్లీ లెక్కపెట్టాం.
నలభై ఒకటి.

రాత్రిబట్టల మీద కోట్లు తొడుక్కుని
కిందికి దిగాం.
నూట నలభై గదులకి ఒక్కడే కాపలా,
ఇలీర్ అట పేరు, నూడుల్స్ గిన్నె చేతిలోనే ఉంది.
అక్క బడిపంతులమ్మ గొంతు సవరించింది.
మంచం గురించి ఆమె మొదలెట్టిన మాట
రజాయి దగ్గర నేనందుకున్నాను.
హీటరు ఆమె, తలుపు నేను,
లేని కొండ ఇద్దరం.
ఎడమ తెడ్డు అక్క, కుడి తెడ్డు నేను,
చిన్నప్పటి లయ ఎక్కడికీ పోలేదు,
పాపం ఆ పిల్లవాడి మీదుగా దూసుకుపోయాం.

అతను అంతా విని,
"నా గదిలోదీ కూస్తుందమ్మా,
నెలైంది, అలవాటైపోయింది," అన్నాడు.
కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేశాడు.
ఇంకో రజాయి దొరకలేదు.
పన్నెండు యూరోలు వెనక్కిచ్చారు.
తిలాపాపం తలా పిడికెడు,
చెరో ఆరు.

తరవాత నిశ్శబ్దం ఎంత పెద్దదంటే
ఇద్దరికీ నిద్ర పట్టలేదు.
తెల్లారగట్ల రజాయి అంతా నా వైపే ఉంది.
ఆమె లాక్కోలేదా,
నేనే లాగేసుకున్నానా, తెలీదు.

పొద్దున ఉడికీ ఉడకని గుడ్లు,
వేడినీళ్లకి రంగేసినట్టున్న కాఫీ.
పడవ మాట అలాగే ఉండిపోయింది,
సానపట్టింది పట్టినట్టే.
కార్ల దగ్గర అక్క తాళాలు వెతుక్కుంటూ,
"ఇంత దరిద్రపు హోటలు
జన్మలో మళ్లీ దొరకదు," అంది.

"దొరుకుతుంది," అన్నాను.
"వీళ్లకి ప్రతి ఊళ్లోనూ ఒకటుంది."