సీటు కింద

పొద్దున్నే వస్తాం, బండి స్టార్ట్ చెయ్యకుండా ఉంచమన్నాం.
మస్తానయ్య పలకరింపైనా లేకుండా
ముందు సీటు ఎత్తి ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు,
జ్వరం చూసినట్టు.
చల్లగానే ఉంది. "మనిషి మంచోడే" అన్నాడు తెలుగులో,
అరవం తప్ప రాని దేవసహాయానికి వినపడేలా.

వ్యాసర్‌పాడి సందు. తెల్ల ఓమ్ని, పద్నాలుగేళ్ళది.
వెనకద్దం మీద బడి పేరు గీకేశారు,
గీకిన చోట ఇంకా చదవొచ్చు.
నాకు కావలసింది తెల్లవారుజాము నాలుగింటికి
ఇరవై రెండు కొట్లకి ఇడ్లీ పిండి చేర్చే బండి.
బండి ఆగిందని పిండి పులవడం మానుకోదు.

తాళం తిప్పగానే పలికింది.
నిలబడి ఉన్నంతసేపూ వంక పెట్టడానికి లేదు.
గొడవంతా బేసిన్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు.
రెండో గేరులో తొక్కితే
ఒక్క గుక్క, ఊపిరి అందనట్టు,
వెళ్ళనా మాననా అన్నట్టు,
ఆ తర్వాత ఎవరో వెనకనుంచి తోసినట్టు ముందుకి.
నీళ్ళ లారీ హారన్ మా వీపుల మీదే.
"ఇంజను పోయిందమ్మా, ముందే చెప్పాను కదా."
దేవసహాయం కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.
డెబ్బై అయిదు వేల నుంచి యాభై అయిదుకి,
వంతెన దిగేలోపే తనూ దిగాడు.

మస్తానయ్య ప్లగ్గులు విప్పాడు.
బిస్కెట్ రంగు. తప్పు వీటిది కాదన్నాడు.
ఫిల్టరు ఊదాడు, వైర్లు కదిపాడు.
నడుస్తున్న ఇంజను మీదకి చెవి వంచి
మాట్లాడొద్దని నాకు చెయ్యి చూపించాడు.
సన్నగా ఈల.
వేలెడు రబ్బరు పైపు, చివర నెర్రె.
తడిగుడ్డ చుట్టి బిగించి పట్టుకుని
రేజ్ ఇచ్చాడు. గొంతు సాఫు.
మళ్ళీ ఇచ్చాడు.
నా వైపు చూశాడు. అరవై రూపాయల పైపు.
గుడ్డ తీసి జేబులో పెట్టుకుని
బీడీ వెలిగించుకోడానికి దూరంగా వెళ్ళిపోయాడు.

దేవసహాయం ఇవేవీ చూడట్లేదు.
సీటు కింద దొరికినవి ఏరుకుంటున్నాడు:
ఒక రబ్బరు, హెయిర్ క్లిప్పు,
జామెట్రీ బాక్సు మూత.
ఒక్కొక్కటీ చొక్కాకి తుడుస్తున్నాడు.

నోట్లు లెక్కపెడుతూ "అరవై రెండు తీసుకోండి" అన్నాను.
నోట్లోంచి అదే వచ్చేసింది.
అడిగినదానికన్నా ఎక్కువిచ్చేవాళ్ళని
ఆ సందులో ఎవరూ చూసుండరు.
చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
"ఏం కనిపెట్టారమ్మా లోపల?"

చూపించాను.
దూరం నుంచి మస్తానయ్య తల కొట్టుకున్నాడు.
దేవసహాయం తన చేతిరుమాలు తడిపి,
తనే చుట్టి, ముడేసి,
తనే రేజ్ ఇచ్చాడు.
రెండేళ్ళు ఆ బండిని తిట్టిన మనిషి.
సీటు మెల్లగా దించి దాని మీద కూర్చున్నాడు.
ఇంజను ఆపలేదు.

నోట్లు నా చేతిలోనే ఉన్నాయి.
ఇంటి దగ్గర మినప్పప్పు నానుతోంది.