మరమ్మతుల పద్దు

కెడ్జీ అవెన్యూలో, బూట్ల కొట్టు పక్క సందులో మెట్లు దిగితే
నా రేడియో షాపు, నేల కింది గది.
కిటికీలోంచి కాళ్లే కనబడతాయి.
పాటగాళ్లు వచ్చినా ముందు పెట్టె దిగుతుంది, తర్వాత బూట్లు,
ఆఖర్న మొహం.

వెర్డెల్ హ్యాకెట్ మొహం నేను సరిగ్గా చూసింది మూడోసారికి.
మొదటి రెండుసార్లూ కళ్లు యాంప్లిఫయరు మీదే:
మీటల చుట్టూ ఉప్పు పేరుకుని ఉంది.
పగలు మాంసం ఫ్యాక్టరీలో తోళ్లకు ఉప్పు పట్టించే వేళ్లు
కడుక్కునే తీరిక లేక అట్లాగే రాత్రిలోకి వచ్చేవి.
పద్దులో రాసుకున్నా: తుప్పు. రెండు వాల్వులు. మూడున్నర డాలర్లు.
సగం ఇచ్చాడు.

రెండో గిటారు అతనిది.
మోకాళ్ల మీద కూలబడి తీగ సాగదీసేవాడు వేరే,
గోడ మీద పోస్టర్లో ఉండేవాడు వేరే.
వెర్డెల్ డ్రమ్ముల పక్కన, మడత కుర్చీలో,
బండి కింద ఇరుసులా.
కీచుమంటే తప్ప
ఇరుసు సంగతి ఎవడికి గుర్తు?

ఒకసారి స్పీకరు కాగితం బ్లేడుతో చీరి ఉంది.
అతికించబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.
"దాని నోరది. కుట్టకు."
ఇంకోసారి పెట్టె మూలన గుండు దూరిన కన్నం.
దానికి మాత్రం చెక్కముక్క వేసి బిగించా,
ఎవరు పేల్చారని అడగలేదు, డబ్బులూ అడగలేదు.

యాభై ఎనిమిదిలో రికార్డొకటి వచ్చింది.
లేబులు మీద అచ్చు: వెండెల్ హాకిన్స్.
చెక్కూ అదే పేరున, పదకొండు డాలర్లకి.
ఆ హాకిన్స్‌నే వెంటబెట్టుకు రమ్మన్నాడట బ్యాంకు గుమాస్తా.
"వెతుకుతున్నా" అని నవ్వాడు నా బల్ల మీద కూర్చుని,
"దొరికాడా, నీ బాకీ వాడే తీరుస్తాడు."

డెబ్బైలో ట్రాన్స్‌ఫార్మరు మాడి బొగ్గై వచ్చింది.
జర్మనీలో గోడలో కరెంటు రెట్టింపట, ఎవరూ చెప్పలేదట.
"కదలకుండా వింటారయ్యా అక్కడ.
గ్లాసు చప్పుడు లేదు, తిట్టు లేదు, ఆడదాని నవ్వు లేదు.
ఇన్నాళ్లూ వాటి సందుల్లోనే కదా వాయించా,
సందే లేనిచోట వేలెక్కడ పెట్టను?"
ఒంటి మీద కొత్త కోటు. అది మాత్రం బాగుంది.

ఆపైన పదకొండేళ్లు పేజీ ఖాళీ.
ఖాళీ అంటే స్కూలు బస్సు.
పొద్దున ఏడింటికి మా సందు మొదట్లో ఆగేది.
"డ్రైవరు తాత స్టీరింగు వాయిస్తాడు" అనేది నా మనవరాలు,
అన్నం బల్ల మీద చేసి చూపించేది కూడా,
కుంటుకుంటూ నడిచే ఆ దరువు. నాకు తెలిసిందే.
పిల్లకి చెప్పలేదు.

మొన్న ఫిబ్రవరిలో మళ్లీ దిగింది పెట్టె,
మెట్టుకొకసారి ఆగుతూ.
అన్నీ సరిచేశా. గుర్రు ఒక్కటే పోలేదు,
అడుగున సన్నగా, ఎవరో గొంతు సవరించుకుని మానేసినట్టు.
"ఉండనీ" అన్నాడు.
"ఫ్యాక్టరీలో ఐసు గదులు ఈ శ్రుతిలోనే మూలిగేవి.
వీధి దీపాలూ అంతే, మా ఆవిడ ఫ్రిజ్జూ అంతే.
నా తీగలు ఇన్నేళ్లూ దీనికే కలుపుకున్నా.
ఆ ముందు నిలబడ్డవాడికి నేను రెండోవాణ్ణనుకున్నావా?"

నిన్న ఒక కుర్రాడొచ్చాడు, సూటు, చేతిలో భూతద్దం.
చీలిన స్పీకరున్న ఆ పెట్టె కావాలట,
నా షాపు అద్దె రెండేళ్లకి సరిపోయే సొమ్మిస్తాడట.
"వెండెల్ హాకిన్స్‌గారిదే కదా?"
ఆయన కోసం చాలామందిమి వెతుకుతున్నామని చెప్పి
దీపం ఆర్పేశా.

వెర్డెల్ పేరు కింద మొదటి రోజుది
డాలరు డెబ్బై ఐదు సెంట్లు అట్లాగే ఉంది.
కలం చేతిలోనే ఉంది గాని
కొట్టెయ్యలేదు. శనివారం వస్తానన్నాడు.