కాఫీ రంగు

బెలేంలో వాన రోజూ వస్తుంది,
మధ్యాహ్నం మూడింటికి, అప్పులవాడిలా.
ఆ రోజు మాత్రం రాత్రి పదకొండుకి వచ్చింది.
దాని వెనకే తడిసిన స్ట్రెచర్ మీద
దోనా ఒస్వాల్డీనా.
అరవై ఏడేళ్లు. చేపల సంతలో ఉప్పు అమ్ముతుంది.
కడుపులో పుండు పగిలింది.
హిమోగ్లోబిన్ ఐదుకి దిగువ.

నా పని గోడకి ఇవతల.
మనుషుల్ని చూడను, వాళ్ల గొట్టాల్ని చూస్తాను.
గ్రూపు ఓ పాజిటివ్.
మూడు గొట్టాల్లో మూడు రకాల పరాయి కణాలు,
వాటి మీద ఆమె సీరం.
ఒంటి వేడిలో కాసేపు కూర్చోబెట్టి,
కడిగి, కడిగి, మళ్లీ కడిగి,
ఆఖరి చుక్క వేసి, గిర్రున తిప్పి,
దీపం ముందు మెల్లగా వంచాను.
ఇసుక రేణువంత గుత్తి కూడా కట్టలేదు.
మూడూ పొగలా లేచి విడిపోయాయి.
యాంటీబాడీలు లేవు, అని రాయబోయాను.

అప్పుడు గోడ అవతల్నించి ఆమె గొంతు.
నర్సు జుసినేయితో వాదిస్తోంది,
అంత నెత్తురు పోయిన మనిషికి
ఎక్కణ్ణించి వచ్చిందో ఆ ఓపిక:
"ఒకసారి ఎక్కించారు నాకు, శాంతారెంలో,
నా మూడోవాడు పోయిన కాన్పులో.
వారం తిరక్కుండా ఒళ్లంతా పసుపు,
ఒంటేలు కాఫీ రంగు.
ఎందుకో ఎవరూ చెప్పలేదు.
పాలు పోయని కాఫీ, అమ్మాయీ."

పెన్నుకి మూత పెట్టాను.

కొన్ని యాంటీబాడీలు అలాంటివి.
వచ్చిన పని చూసుకుని వెళ్లిపోతాయి.
ఏడాదికి గొట్టంలో జాడ ఉండదు.
పలకరింపు మానేసిందని
మర్చిపోయిందనుకుంటే మన తెలివితక్కువ.
ఆ గుర్తున్న కణం మళ్లీ గడప తొక్కితే చాలు,
నాలుగో రోజుకి లేస్తుంది, ఊరంత బలగంతో.

శాంతారెంకి ఫోన్ చేశాను.
డ్యూటీలో ఉన్న వాల్డెసీ ఆవలించాడు.
"ఇరవై తొమ్మిదేళ్ల కిందటి రిజిస్టరా?
వరదలో సగం పోయాయి."
మిగిలిన సగం చూడమన్నాను.
ఈలోగా డాక్టరు మూడుసార్లు తలుపు కొట్టాడు.
మూడోసారి నా పేరు పెట్టి తిట్టాడు.
ఆయన తప్పేం లేదు.

"దొరికింది," అన్నాడు వాల్డెసీ.
"యాంటీ జె, కె... తర్వాత నీటి మరక.
ఆ మరకలో చిన్నక్షరం. ఎ కావచ్చు, బి కావచ్చు."
"పైకి కర్ర ఉందా?"
కాగితం దీపానికి ఎత్తిన చప్పుడు నాకు వినిపించింది.
"లేదు. గుండ్రం, పక్కన చిన్న తోక."
ఎ.

ఫ్రిజ్‌లోంచి పదకొండు సంచులు తీశాను.
కారిడార్‌లో ఇద్దరు కొడుకులు
చొక్కా చేతులు మడిచి నిలబడ్డారు,
మా అమ్మకి మా నెత్తురు తియ్యండి అని.
వాళ్ల మాట కాదనలేక చెరో చుక్కా పరీక్షించాను.
ఇద్దరిదీ గుత్తి కట్టింది, దానిమ్మ గింజల్లా.
తండ్రి గుర్తు.
ఆ మాట వాళ్లకి ఎలా చెప్పాలో
నాకు ఇప్పటికీ తెలీదు.
వేరేవాళ్లది దొరికింది, అన్నాను.

దొరికింది నిజమే.
పదకొండులో తొమ్మిది గుత్తి కట్టాయి,
రెండు కట్టలేదు.
సంచి మీద అంకె తప్ప పేరు ఉండదు.
ఏ బస్సు కండక్టరో, ఏ బడిపంతులో,
మంగళవారం చెయ్యి చాపి, బిస్కెట్ తిని వెళ్లిపోయారు.

పదో రోజున జుసినేయి నా కిటికీ దగ్గరికొచ్చి
చిన్న సీసా వెలుతురుకి పట్టి చూపించింది.
లేత పసుపు.
ఇద్దరం దాన్ని కాసేపు చూశాం.

ఆమె ఇంటికెళ్లే పొద్దున
అరచేతిలో పట్టే కార్డు రాసిచ్చాను:
ఏ ఊళ్లో ఎక్కించినా ముందు ఇది చూడండి.
చదువు రాదు. తిప్పి తిప్పి చూసింది.
"ఏం రాశావు?"
"మీరు చెప్పిందే."
నమ్మలేదు.
"పాలు పోయని కాఫీ అని రాశావా?"
కార్డు వెనక్కి తీసుకుని,
కింద మిగిలిన ఖాళీలో అదీ రాశాను.